ఆట మధ్యలో పిల్లవాడు

మొన్న మనవరాలు తన ఫోనులో ఒక పాత విదేశీ అచ్చుబొమ్మ చూపించినప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. ప్రార్థనకు మోకరిస్తే మాటలు సగంలో తెగిపోతున్నాయి, బియ్యం ఏరబోతే చేట పక్కన పెట్టి గుమ్మంలోకి వెళ్లి నిలబడుతున్నాను.

నలుపు తెలుపు గీతల్లో ఐరోపాలోని ఏదో పట్నపు వీధి, వీధి నిండా పిల్లలు, కొందరు బొంగరాలు తిప్పుతూ, కొందరు చక్రాలు దొర్లిస్తూ, ఒకడు పుల్లకు గుచ్చిన గాలిపంకా పట్టుకుని పరుగెడుతూ. మా చిన్నతనంలో నరసన్నపేట దగ్గర మా ఊరి ప్రార్థన మందిరంలో, ఎవరో దొరసాని వదిలివెళ్లగా గోడకు వేలాడిన బొమ్మ అదే. పరలోకంలోని దేవుని పట్టణపు వీధులు ఆటలాడే పిల్లలతో నిండి ఉంటాయని బైబిల్లో ప్రవక్త చెప్పినది ఈ వీధి గురించేనని, ఆదివారపు బడి నడిపే మా మేనత్త మాకు గట్టిగా చెప్పేది. తమ్ముడు జ్వరంతో పోయిన ఏడాది అమ్మ ఆ మాటను పట్టుకుంది. వాడూ తాటాకు పంకా తిప్పుకుంటూ పొలం గట్ల మీద పరుగెత్తేవాడు మరి. బొమ్మలోని పంకా కుర్రవాడికి ఎదురుగా తప్ప ఆమె మందిరంలో ఇంకెక్కడా కూర్చునేది కాదు.

ఒక ఆదివారం విజయనగరం నుంచి వచ్చిన బోధకుడు బొమ్మ కింది పరాయి అక్షరాలు చదివి, ఇది పరలోకం కాదు, మనుషుల బతుకంతా పనికిమాలిన ఆటేనని ఎగతాళిగా చెక్కినది, ఆరాధన స్థలంలో ఉండకూడదన్నాడు. సంఘపెద్ద అయిన మేనత్త భర్త, మా మావయ్య, దాన్ని దించడానికి వెంటనే బల్ల ఎక్కాడు. మగవాళ్ల ముందు ఎన్నడూ నోరెత్తని అమ్మ లేచి నిలబడింది.

"అన్నయ్యా, దిగు. నా బిడ్డ ఆడతన్నాడక్కడ. ఆట మజ్జలో పిల్లోడ్ని లాక్కొచ్చేత్తారేటి?"

మేనత్త అందుకుంది.

"దిగు మావా. బొమ్మ సంగతి తరవాత, నీ బరువుకి ముందు బల్ల ఇరిగిపోతాది."

తడికళ్లతోనే అందరూ నవ్వారు, మావయ్య దిగాడు, బోధకుడు ప్రార్థన మొదలుపెట్టాడు. తరువాతెప్పుడో తుపాను వానకు గోడ నాని పాడయ్యేదాకా బొమ్మ అక్కడే ఉంది.

మొన్న మనవరాలు బొమ్మ కింది వివరం చదివి చెప్పింది, ఆనాటి బోధకుడి మాటే నిజమట. "ఇంకా ఉన్నాది అమ్మమ్మా, సదవనా?" అంటే వద్దన్నాను. వాక్యాన్ని నమ్ముకుని బతికినదాన్ని, పొరపాటు మీద నిలిచిన ఆ ఓదార్పును ఏమనుకోవాలో తెలియడం లేదు, అడుగుదామంటే అమ్మ లేదు. ఆ గోడకు ఇప్పుడు పలకలు అతికించారు, తెర మీద పాటలు కదులుతాయి, పిల్లలు ఫోన్లలోకి తలలు వంచి కూర్చుంటారు, ఆరాధన అయ్యాక బయటికి వస్తే వీధిలో ఒక్క కేక వినబడదు.

ఫోను తిరిగి ఇచ్చేముందు ఆ పంకా కుర్రవాడిని వేళ్లతో పెద్దవాణ్ణి చేసి చూశాను. దగ్గరికి తెచ్చేకొద్దీ వాడు ఉత్త గీతలైపోయాడు, దూరం జరిపితే మళ్లీ పరుగెత్తాడు.