మూసిన నోటి బేరం

సిరిసిల్లలో సాంచాలు నడుస్తున్న షెడ్డులో నిలబడి బేరం చేయాలంటే గొంతు పనికిరాదు. ఆ మరమగ్గాల చప్పుడులో పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. మాట్లాడేవి మొహాలే. మగ్గాలు నడిపించే ఆసామి వేళ్లు చూపించి ధర చెబుతాడు. కొనేవాళ్లు కనుబొమ్మలు ఎగరేస్తారు. ఆయన తల అడ్డంగా ఊపుతాడు, వీళ్లు చేతిలోని గుడ్డ తాను కింద పెట్టేస్తారు. కోరుట్లలో నాకు చిన్న బట్టల దుకాణం ఉంది. దానికి కావలసిన లంగా గుడ్డ, నూలు చీరలు, తువ్వాళ్లు ఏళ్ల తరబడి అక్కడ ఒకే ఆసామి దగ్గర తెస్తున్నాను. ఆయన వేళ్లు చూపిస్తాడు. నేను పెదాలు బిగించి ఆయన వైపు చూస్తూ ఉంటాను. కాసేపటికి ఒక వేలు మడుస్తాడు. నేను ఇంకా చూస్తూనే ఉంటాను. ఇంకో వేలూ మడుస్తాడు.

మా బజారులో దీనివల్ల నాకు పేరొచ్చింది. "ఆమె మూతి జూస్తెనే రేటు దిగుతది" అని పక్క దుకాణాల వాళ్లు అంటుంటే నేనేమీ కాదనలేదు. మా నాన్న కిరాణా కొట్టులో తక్కెడ పక్కన పెరిగినదాన్ని, బేరం ఆయన నేర్పిన విద్య అని చెప్పుకుని మురిసిపోయేదాన్ని కూడా.

అసలు సంగతి ఏమిటంటే, నా పైవరుసలో ముందు పళ్లు రెండు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వాటి పక్కది జాగా దొరక్క బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే మనిషిలా బయటికి తొంగి చూస్తుంది. అది కనబడకుండా చిన్నప్పటి నుంచి పెదాలు మూసుకోవడం నాకు అలవాటు. ఆసామి దాన్ని గట్టిదనం అనుకున్నాడు. నేను పళ్లు దాచుకుంటున్నాను, అంతే.

నవ్వొస్తే మాత్రం పెదాల బలం చాలదు. కొంగు తెచ్చి అడ్డం పెట్టుకోవాలి. దుకాణంలో ఇన్నేళ్లూ దీన్ని ఎవరూ పట్టించుకోలేదు గానీ, ఫోనులో చీరలు చూపించే కాలం వచ్చాక నా గుట్టు బయటపడింది. అందరిలాగే నేనూ రోజూ సాయంత్రం ఫోను ముందు నిలబడి కొత్త చీరలు విప్పి చూపిస్తాను. చూసేవాళ్లు సరదాగా ఏదో ఒకటి రాస్తారు, నాకు నవ్వొస్తుంది, కొంగు నోటి మీదికి పోతుంది. ఒకరోజు ఎవరో రాశారు: "అక్కకు పన్ను నొస్తుందా? రోజు నోరు మూసుకుంటది." ఇంకొకరు లవంగం పెట్టుకోమన్నారు. ఇంకొకరు చీర రంగు అడగడం మానేసి ఉప్పునీళ్లు పుక్కిలించే పద్ధతి రాశారు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మా ఆయనతో చెప్పాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మనసారా ఒక్కసారి నవ్వాలనుంది, పళ్లు సరి చేయించుకుంటాను అని.

"గీ వయసుల పండ్లకు తీగలు కట్టిపిచ్చుకుంటవానే?" అన్నాడాయన. "మనుమరాండ్లు కట్టుకునేటియి గవి."

"మనుమరాండ్లు అచ్చెదాక ఆగితే పండ్లే ఉండయి" అన్నాను. ఆయన నాలుక దవడ వైపు పోయింది. ఆయనకు అప్పటికే రెండు దవడ పళ్లు లేవు.

జగిత్యాలలో పాత బస్టాండు దగ్గర ఒక పళ్ల డాక్టరమ్మ ఉంది. పెగడపల్లి వైపు పిల్ల. పళ్లు పీకేదీ ఆమే, పుచ్చిన చోట సిమెంటు నింపేదీ ఆమే, ఈ మధ్య పెద్దవాళ్లకు ముందు పళ్లు సరిచేసే పని కూడా చేస్తోంది. తలుపు తెరవగానే లోపలికి పోయాను, బోణీ బేరంగా. మా నాన్న బోణీ మనిషిని ఎన్నడూ ఒట్టి చేతులతో పంపేవాడు కాదు.

ఎక్స్‌రే తీసింది, చిగుళ్లు నొక్కి చూసింది, ఫోటోలు తీసుకుంది. తరువాత చెప్పింది.

"ఆరు నెలలు పడ్తది ఆంటీ. కొంచెం అటు ఇటు."

"ఆరా? నాలుగు జెయ్యి బిడ్డ. బోణీకి అచ్చిన."

"గిది బట్ట గాదు ఆంటీ. పన్ను జరగాలంటే ఒకదిక్కు ఎముక కరగాలె, ఇంకోదిక్కు పెరగాలె. దానికి బోణీ తెల్వది."

"సరే, నీ మాట వద్దు, నా మాట వద్దు. ఐదు."

"మీ ఎముకను అడిగి చెప్త" అంది, నవ్వకుండా. ఈ పిల్ల సిరిసిల్లలో పుట్టి ఉంటే నాకు చాలా నష్టం జరిగేదనుకున్నాను.

తరువాత ఇంకో మాట చెప్పింది. "మీ దవడ పండ్లు సరిగ్గ కలుస్తలేవు. గవి నేను ముట్ట. గవి సరి కావాలంటే పెద్ద తీగల డాక్టరు కాడికి కరీంనగర్ పోవాలె, రెండేండ్లన్న పడ్తది. నేను సరి జేసేటియి ముంగట కనబడేటియే. ముందుగాలనే చెప్తున్న, ఎనుకసిరి చెప్పలే అనద్దు."

"అంటే షోకేసు సర్దుతవ్, గోదాము ముట్టవ్."

"గంతే ఆంటీ."

నాకు నచ్చింది. సరుకులో ఏమి లేదో ముందే చెప్పే దుకాణదారును నేను చాలా అరుదుగా చూశాను. అద్దంలో నాకు అలాంటి మనిషి ఎన్నడూ కనబడలేదు.

అన్నీ కుదిరాక, లేచే ముందు, అలవాటు కొద్దీ అడిగాను: "కొసరేమిస్తవ్?"

ఆమె ఒక క్షణం తెల్లబోయింది. తరువాత, "లాస్టుకు పండ్లకు తొడుగిస్త ఆంటీ, రిటైనర్ అంటం. దానికి వేరే తీసుకోను" అంది. అది అందరికీ ఇచ్చేదే. కానీ నా చెవులు కొసరు అన్న ముద్ర వేసి లోపల పెట్టేసుకున్నాయి.

కొసరంటే మా ఇంట్లో ఏమిటో చెప్పాలి. మా నాన్న బెల్లం తూచి పొట్లం కట్టాక, చిన్న గడ్డ ఒకటి విరిచి పైన పెట్టేవాడు. తూచిన బెల్లం ఇంటికి చేరేది. ఆ గడ్డ వీధి మలుపు దాకా కూడా పోయేది కాదు, తెచ్చేవాళ్ల నోట్లో కరిగిపోయేది. కొసరు కోసం అందరూ పోట్లాడతారు, దాన్ని దాచుకున్నవాళ్లను మాత్రం నేను చూడలేదు. నా దుకాణంలో నేనూ అంతే, చీర కొన్నవాళ్లకు పిన్నుల పట్టీ ఒకటి కొసరుగా పడేస్తాను. వాళ్లు దాన్ని బల్ల మీదే మరిచిపోయి పోతారు.

డాక్టరమ్మ మొదట పళ్లు శుభ్రం చేసింది. తరువాత పంటి రంగులో చిన్న చిన్న బిళ్లలు అంటించి వాటి మీదుగా సన్నటి తీగ కట్టింది. ముందు పళ్లకు జాగా కావాలని పన్నుకూ పన్నుకూ మధ్య సన్నని పట్టీ పెట్టి కాస్త అరగదీసింది. నా సొంత ఆస్తిని అరగదీసి, దానికి నా దగ్గరే డబ్బు తీసుకునే వ్యాపారం ఇదొక్కటే అనుకుంటాను. తీగ బిగించి వచ్చిన రోజుల్లో పెరుగన్నం తప్ప ఏదీ నమలలేకపోయాను. అవి మక్కకంకుల రోజులు. మా ఆయన రోజూ దుకాణం ముందు కంకి కాల్పించుకుని వచ్చి, గల్లా ఎదురుగా స్టూలు వేసుకుని, ఒక్కొక్క వరుసా నిమ్మళంగా కొరుక్కు తినేవాడు.

"ఇంకో దిక్కు కూసోరాదు?" అన్నాను.

"గాలి ఈడనే మంచిగొస్తుంది" అన్నాడు.

బతుకమ్మ సరుకు తెచ్చే వేళకు డాక్టరమ్మ తీగలు విప్పింది. అద్దం చేతికిచ్చింది. అందులో నా మొహం పెట్టుకుని ఎవరో సరైన పళ్లావిడ కూర్చుని ఉంది. నేను నవ్వాను, ఆవిడా నవ్వింది, నా చెయ్యి నోటి దాకా లేచి మధ్యలో ఆగిపోయింది. అది ఏం చేయాలో దానికి తెలియలేదు.

"పండ్లు మల్ల పాత జాగకు పోదామని సూస్తయి ఆంటీ" అంది డాక్టరమ్మ. "ఎనుకనుంచి కనబడకుంట సన్నటి తీగ అతికిస్త, లేదంటే తొడుగు. ఏది?"

"ఇంకా తీగనా? తొడుగే ఇయ్యి. ఎన్ని రోజులు?"

"రోజు రాత్రి పెట్టుకోవాలె. పండ్లు ఉన్నన్ని రోజులు."

"గంతగనమా? ఏడాదికి ఒప్పుకో."

"ఆంటీ!" అంది.

తొడుగు గాజులా తేటగా, తేలికగా ఉంది. చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చింది. సంచిలో వేసుకున్నాను.

ఆ వారమే సిరిసిల్ల పోయాను. ఆసామి తాన్లు చూపించి వేళ్లు ఎత్తాడు. నేను, కొత్త పళ్ల సంబరంలో, నిండుగా నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. వేళ్లు అలాగే ఉన్నాయి. నేను ఇంకాస్త నవ్వాను. ఆయన తాన్లు కట్టమని పనివాళ్లకు సైగ చేశాడు. బేరమే మొదలు కాలేదు, అయిపోయింది.

బయటికి వచ్చి చాయ్ తాగుతూ అడిగాడు. "ఇయ్యాల మాల్ మంచిగ నచ్చినట్టుందక్కా?"

"ఎందుకట్ల అంటున్నవ్?"

"ఇన్నేండ్ల సంది నీ మూతి సూత్తే నాకు గుబులు. అక్కకు నచ్చలే, పక్క షెడ్డుకు పోతదని తగ్గిస్తుంటి. ఇయ్యాల నవ్వినవ్. ఇగ ఎందుకు తగ్గియ్యాలె?"

తిరుగు బస్సులో వేములవాడ దాటేదాకా లెక్కలు వేస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లూ మా నాన్న నేర్పిన విద్య అనుకున్నది నా వంకర పళ్లు నేర్పిన విద్య అని తేలింది. దాన్ని నేనే డబ్బిచ్చి విప్పించుకున్నాను.

ఇంటికి వచ్చాక తొడుగు డబ్బా గల్లా సొరుగులో పిన్నుల పట్టీల పక్కన చేరింది. మొదట రెండు మూడు రాత్రులు పెట్టుకున్నాను. తరువాత ఇవాళ అలసిపోయాను, రేపు పెట్టుకుంటాను అనుకున్నాను. కొసరే కదా. ఆసామి వేళ్లు గుర్తొచ్చి కావాలనే మరిచిపోయానా అంటే, ఒట్టేసి చెప్పలేను. పండుగ గిరాకీ వచ్చింది, పోయింది. ఆ డబ్బా మీద పిన్నుల పట్టీలు పేరుకుపోయాయి.

ఒక సాయంత్రం ఫోను ముందు చీర విప్పుతుంటే ఎవరో సారంగాపూర్ నుంచి రాశారు: "అక్కా, మీ పంటి నొప్పి తక్కువైనట్టుంది." నవ్వొచ్చింది. నవ్వబోతూ నాలుక పళ్ల మీదికి పోయింది. నున్నగా ఉండవలసిన చోట చిన్న అంచు తగిలింది. నా చెయ్యి దానంతట అది కొంగు పట్టుకుని నోటి మీదికి వచ్చేసింది. ఫోను కట్టేసి సొరుగంతా కిందా మీదా చేసి డబ్బా తీశాను. తొడుగు పెట్టుకుంటే ఒక పక్కన ఎక్కలేదు. గట్టిగా నొక్కితే పన్ను జివ్వుమంది. చేతిలో తొడుగు పట్టుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. మా ఆయన వచ్చి చూసి, మొదటిసారి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అప్పుడే నాకు నిజంగా భయమేసింది.

మరునాడు పొద్దున్నే జగిత్యాల. డాక్టరమ్మ చూసి నిట్టూర్చింది.

"రోజు పెట్టుకోమన్న గదా ఆంటీ."

"నువ్వే కొసరంటివి బిడ్డ."

"నేనన్ననా? మీరన్నరు." అద్దం పక్కకు పెట్టింది. "మీరు చీర కుచ్చిళ్లు పెట్టుకున్నంక పిన్ను పెట్టుకుంటరా లేదా?"

"పెట్టుకుంట."

"పెట్టుకోకుంట బజార్ల నడుస్తరా?"

సొరుగులో ఆ డబ్బాను ఏ సరుకు పక్కన పెట్టానో ఈమెకు ఎవరు చెప్పారా అనిపించింది.

నా అదృష్టం, పన్ను పెద్దగా జరగలేదు. కొన్నాళ్లు తినేటప్పుడు, పళ్లు తోముకునేటప్పుడు తప్ప పగలూ రాత్రీ తొడుగు పెట్టుకోమంది. మెల్లగా లోపలికి పోతుందేమో చూద్దాం, పోకపోతే మళ్లీ తీగే అంది. ఎన్నాళ్లు అని నేను అడగలేదు. ఆమె ఆశ్చర్యపోయినట్టుంది, నా వైపు రెండోసారి చూసింది.

ఆ తొడుగుతోనే మళ్లీ సిరిసిల్ల పోవలసి వచ్చింది. దాన్ని పెట్టుకుని మాట్లాడితే ప్రతి మాటా బుస్సుమంటుంది, అందుకే షెడ్డులో పెదాలు బిగించుకుని నిలబడ్డాను. ఆసామి వేళ్లు ఎత్తి నా మొహం చూశాడు. ఆయన కళ్లల్లో పాత గుబులు కనబడింది. ఒక వేలు మడిచాడు. నేను చూస్తూ ఉన్నాను. ఇంకో వేలు మడిచాడు. ఇదేదో బాగుందే అనుకున్నాను. నోట్లో పన్ను లోపలికి పోతోంది, బయట ధర దిగుతోంది. ఇంత లాభం మా నాన్న కూడా ఎన్నడూ చూసి ఉండడు.

మరో వేలు మడిచాక ఆయనకు చిటికెన వేలొక్కటే మిగిలింది. దాని వైపు జాలిగా చూసుకున్నాడు. తరువాత భుజం మీది తువ్వాల తీసి, నా ముందు రెండు చేతులతో కొంగులా పరిచి, తల పక్కకు వాల్చి నిలబడ్డాడు. మగ్గం దగ్గరి ముసలాయన అది చూసి పని ఆపి, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి ఆ తువ్వాలలో వేశాడు.

నాకు నవ్వు తన్నుకొచ్చింది. రెండు చేతుల్లో తాన్లు ఉన్నాయి. వాటిని కింద పెట్టేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకోవచ్చు. ఒక్క క్షణం ఆలోచించాను కూడా. పెట్టలేదు. నోరు తెరిచి, తొడుగూ పళ్లూ అన్నీ కనబడేలా, కడుపు పట్టుకోవలసినంత నవ్వాను. ఆ చప్పుడులో నా నవ్వు నాకే వినబడలేదు గానీ షెడ్డులో అందరికీ కనబడింది.

ఆసామి దగ్గరికి వచ్చి నా నోట్లోకి తొంగి చూశాడు. తొడుగు తళుక్కుమని ఉంటుంది. నా చెవి దగ్గర అరిచాడు.

"గిదా సంగతి! నచ్చక గాదు, నోట్లె గిది పెట్టుకొని మూసుకున్నవ్!"

తువ్వాల భుజాన వేసుకుని, మడిచిన వేళ్లు ఒక్కొక్కటే తీరిగ్గా విప్పాడు. నేను అన్నీ విప్పేదాకా నవ్వుతూనే ఉన్నాను.

ఆయన మొదట చూపించిన ధరకే తెచ్చాను. మూట కట్టాక, అలవాటు కొద్దీ, చెయ్యి చాపాను. ఒక జాకెట్ గుడ్డ చించి కొసరుగా పైన పడేశాడు. దాన్ని బస్సులో ఒళ్లోనే పెట్టుకుని ఇంటిదాకా తెచ్చాను.