మా అమ్మకి చర్చి దొరికిన ఆదివారం

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్న మా ఇల్లు అమ్మ పాటతో నిద్రలేచేది. తెనాలిలో పుట్టి పెరిగిన మనిషి, ముత్తాతల నాటి నుంచీ క్రైస్తవ కుటుంబం. అమెరికాలో ఈ మోరిస్‌విల్ వచ్చాక కూడా ఇస్త్రీ చీర, తలమీద కొంగు, చేతిసంచిలో తెలుగు బైబిలు. తమ్ముడూ నేనూ సాక్సుల కోసం కొట్టుకుంటుంటే నాన్న కింద కార్ స్టార్ట్ చేసి హారన్ కొట్టేవారు.

అప్పటికి ఇక్కడ తెలుగు చర్చి లేదు. అపార్ట్‌మెంట్ దగ్గర్లో తెల్లవాళ్ళ చర్చి ఉంటే అక్కడికే వెళ్ళేవాళ్ళం. మంచివాళ్ళే, అబద్ధమెందుకు చెప్పాలి... మేం వచ్చిన కొత్తలో సోఫా ఇచ్చారు, చలికోట్లు ఇచ్చారు. కానీ ప్రతివారం కాఫీ దగ్గర ఎవరో ఒకరు అమ్మని అడిగేవారు, మీరు ఎప్పుడు క్రిస్టియన్ అయ్యారూ అని. మా ముత్తాత కాలం నుంచీ అని అమ్మ చెప్పేది. మళ్ళీ వారం మళ్ళీ అదే ప్రశ్న. ఎన్నాళ్ళు వెళ్ళినా మేం కొత్తవాళ్ళమే.

ఇంతలో ఎలక్షన్ల ఏడాది వచ్చింది. ఓ ఆదివారం ఆ పాస్టరుగారు ప్రసంగం మధ్యలో, బయటివాళ్ళు వచ్చి మన దేశాన్ని నింపేస్తున్నారు, ఓటేసేటప్పుడు గుర్తుపెట్టుకోండి అన్నారు. చుట్టూ ఆమెన్‌లు. బయటికొచ్చాక ఒక పెద్దాయన నాన్న భుజం తట్టి, "మీ గురించి కాదులే, మీరు మంచివాళ్ళు" అన్నాడు. నాన్న నవ్వి ఊరుకున్నారు. అమ్మ మాత్రం ఇంటికొచ్చి చీర మడతపెడుతూ "ఇంక నేను రానండీ" అనేసింది.

తర్వాత ఆదివారాలు హాల్లో చాప మీద మేం నలుగురమే. అమ్మది ఖంగుమనే గొంతు. అలాంటిది పక్క ఫ్లాట్‌వాళ్ళకి వినిపిస్తుందేమోనని గొణిగినట్టు పాడేది. కొన్నాళ్ళకి అదీ మానేసింది. "దేవుడింట్లో కూడా చుట్టంలా ఒదిగి కూర్చోవాలంటే నావల్ల కాదు, మన ఊరు వెళ్ళిపోదాం" అని నాన్నతో అంటుంటే విన్నాను. అమ్మ పాడని ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది నాకు... నిజంగా భయమేసింది.

నాన్న ల్యాబ్‌లో లొరెట్టా ఆంటీ అని ఒక బ్లాక్ ఆవిడ పనిచేసేది. సంగతి తెలిసి తమ చర్చికి రమ్మంది. అమ్మని బయల్దేరదీయడానికి నాన్నకి తల ప్రాణం తోకకొచ్చింది.

పాత ఇటుకల చర్చి. గుమ్మం దగ్గరికి వెళ్ళగానే అమ్మ చెప్పులు విప్పేసింది. తెనాలిలో చర్చికి చెప్పులతో వెళ్తారా ఏంటి... అవతలి చర్చిలో నాన్న వద్దంటున్నారని ఇన్నాళ్ళూ ఊరుకుంది. ఆవిడ విప్పింది కదాని మేమూ విప్పాం.

తెల్ల గ్లవుజులేసుకుని తలుపు దగ్గర నిలబడ్డ ముసలాయన అది చూశాడు. ఆ సంఘానికి డీకన్, అంటే పెద్ద అన్నమాట. ఆయన ముఖం మారిపోయింది. "ఇవి బయట విప్పమని మీతో ఎవరన్నారు?" అన్నాడు. ఏదో తప్పు చేశామనుకుని నాన్న సారీ చెప్పబోయారు. ఆయన వినిపించుకోలేదు. తన చిన్నతనంలో నల్లవాళ్ళని తెల్లవాళ్ళ చోట్లకి పక్కగుమ్మంలోంచే వెళ్ళనిచ్చేవారట. ఈ గుమ్మంలో మాత్రం ఎవరినీ తక్కువ చెయ్యనివ్వను అన్నాడు.

నాన్న అది తెలుగులో చెప్పారు.  అమ్మ అప్పటిదాకా మాకెప్పుడూ చెప్పని మాట చెప్పింది. "మా అమ్మమ్మ పెద్దోళ్ళ వీధిలోంచి వెళ్ళాలంటే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేదని చెప్పండి ఆయనకి. అది మనుషులకి భయపడి విప్పడం. ఇది దేవుడి కోసం, నా ఇష్టంతో విప్పుకున్నాను."

నాన్న ఇంగ్లిష్‌లో చెప్పడం పూర్తయ్యేసరికి ఆయన కళ్ళల్లో నీళ్ళు. వంగి, మా నాలుగు జతలూ ఏరి, లోపల తన కోటు పెట్టుకునే అరలో పెట్టడానికి పట్టుకెళ్ళాడు. "అయ్యయ్యో, పెద్దవారు, మీరు ముట్టుకోవడమేంటండీ" అని అమ్మ తెలుగులోనే అంటూ ఆయన వెనక పరిగెత్తింది. ఆరోజు వాళ్ళ పాటలు మొదలయ్యాక అమ్మకి ఒక్క ముక్క రాకపోయినా చప్పట్లు కొడుతూ తనకొచ్చిన తెలుగు పాటే అందుకుంది, మునపటి గొంతుతో.

అక్కడా ఓట్ల మాటలుండేవి. నాన్నకి నచ్చేది కాదు. "ఎక్కడికెళ్ళినా ఇదే గోలా" అని ఒకసారి డీకన్ తాతతోనే అనేశారు. ఆయన కోప్పడలేదు. "మా నాన్నని ఓటెయ్యనివ్వలేదు బాబూ. ఆ బాధ చెప్పుకోడానికి మాకు చర్చి ఒక్కటే ఉండేది" అన్నాడు. నాన్న ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. సిటిజన్‌షిప్ వచ్చాక మొదటి ఓటుకి డీకన్ తాత కార్‌లోనే వెళ్ళారు. ఎవరికేశావని ఆయనా అడగలేదు, ఈయనా చెప్పలేదు.

ఆ మధ్య డీకన్ తాత పోయారు. అమ్మ అంత్యక్రియల ప్రార్థనకి వెళ్ళి వెనక వరసలో కూర్చోబోతుంటే ఆయన కూతురు వచ్చి చెయ్యి పట్టుకుంది. "నువ్వు మా ఇంటిమనిషివి, ఇక్కడేంటి" అని ముందుకి తీసుకెళ్ళి, కన్నబిడ్డల వరసలో కూర్చోబెట్టింది. అమ్మ అక్కడ కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది... ఆ చోటు దొరికినందుకు కూడా ఏడ్చిందేమో.

ఇప్పుడు చుట్టుపక్కల తెలుగు చర్చిలు బోలెడు. ప్రార్థన అయ్యాక అందరికీ పెట్టే ప్రేమవిందులో గోంగూర కూడా వడ్డిస్తున్నారు, సంతోషమే. కానీ అక్కడికే వెళ్ళే మా పిల్లలకి ఆదివారం పూట మనవాళ్ళు తప్ప ఇంకో మనిషి కనబడరు. ఎవరి చర్చి వాళ్ళది, ఎవరి ఓటు వాళ్ళది అయిపోయింది. మాకు దొరికిన అదృష్టం వీళ్ళకి దొరకలేదే అనిపిస్తుంది...

మీ రంగు, భాష, యాస చూడకుండా "మా ఇంటిమనిషివి" అన్నవాళ్ళు మీకూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ళ పేరు కింద రాయండి. అమ్మకి ఇప్పుడు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు, నన్ను చదివి వినిపించమంది... ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థన చేసుకుంటుందట.