నాగపూర్‌లో దిగిన శకునం

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ పట్టా చేతికొచ్చి నా కాళ్ళు నేలమీద నిలవని రోజుల్లో, నాకు మా ఆళ్ళగడ్డ ఎండన్నా, మా మేనమామ శకునాలన్నా ఒళ్ళు మంట. నన్ను పెంచి చదివించినవాడు ఆయనే, కాదనను. కానీ గడప దాటుతుంటే ఎవరు తుమ్మినా వెనక్కొచ్చి కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగితే గానీ మళ్ళీ కదలడు. ఢిల్లీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ అని నన్ను తీసుకుని బయల్దేరిన రోజు పిల్లి ఎదురొచ్చింది, పక్కింటాయన తుమ్మాడు (ఆయనకు పడిశం, పాపం!), మేము నంద్యాల మీదుగా డోన్ చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీదే ఏడుపు లంకించుకున్నాను. ఆ ఉద్యోగం తప్పితే ఇక నా బతుకు బుగ్గిపాలేనని నా నమ్మకం. మామ మనసు చివుక్కుమన్నట్టుంది. "ఊరుకో అప్పా, గాలిమోటర్లో పోదాం" అని బస్సులో హైదరాబాదు తీసుకెళ్ళి విమానం ఎక్కించాడు.

మామ కాఫీ తాగి, ఆ బుల్లి చెంచాను తిప్పి తిప్పి చూస్తుండగా పైలటు గొంతు వినిపించింది: ఒక ఇంజను తాలూకు హెచ్చరిక దీపం వెలిగింది, భయం లేదు, ముందుజాగ్రత్తగా నాగపూర్‌లో దిగుతున్నాం. నా గుండె గుభేలుమంది. ఇంజను గురించి కాదు, ఇంటర్వ్యూ గురించి! ఎయిర్‌హోస్టెస్‌ను పట్టుకుని, "దీపమే కదండీ! మా నంద్యాల బస్సు డ్రైవరైతే దాని మీద గుడ్డ కప్పేసి పోతాడు" అన్నాను. ఆమె నవ్వింది. ముందు ఇద్దరు పైలట్లుంటారట. అలాంటి దీపం వెలిగితే ఒకాయన పుస్తకం చూసి పైకి చదువుతుంటే రెండో ఆయన ఒక్కొక్కటే సరిచూస్తాడట. అప్పటికీ దీపం ఆరకపోతే కిందివాళ్ళతో మాట్లాడి, దగ్గర్లో సరిపడా పొడుగున్న రన్‌వే చూసుకుని దిగిపోవడమేనట.

"ఏమంటాండాది ఆ పాప?" అన్నాడు మామ. చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. "చూడ్రా అల్లుడా! ఇంత పెద్ద గాలిమోటరు తోలేటోడు గూడా శకునం చూస్తాండాడు. నన్నేమో ఎర్రోడంటివే!"

నాగపూర్‌లో మెకానిక్కులు ఇంజనంతా వెతికారు. పైలటు రాగానే ఎదురెళ్ళి, ఏమైందని అడిగాను. "ఇంజను బాగానే ఉంది. దీపానిదే తప్పు" అన్నాడాయన ఇంగ్లీషులో. "అయితే ఊరికే దిగామన్నమాట!" అని అరిచాను. "ఆకాశంలో ఆపి మూత ఎత్తి చూడలేను కదా బాబూ. రేపు వెలిగినా దిగుతాను" అన్నాడు. మామ ఆయన చెయ్యి పట్టుకుని, "రోంత నీళ్ళు తాగి బయల్దేరు నాయనా" అని తన మరచెంబు అందించాడు. భాష తెలియకపోయినా ఆ మహానుభావుడు తాగాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

మళ్ళీ ఎక్కమన్నారు. దిగీదిగగానే పరిగెత్తితే ఇంటర్వ్యూ అందుతుందేమో! మెట్ల మీద అడుగు పెట్టానో లేదో, హాచ్! తుమ్మింది ఎవరో కాదు, నేనే. కొయ్యబారిపోయాను. అయిపోయింది, మామ ఇక్కడే చతికిలబడతాడు, విమానం మమ్మల్ని వదిలేసి పోతుంది. ఆయన నా మొహంలోకి చూశాడు. "అది తుమ్ము కాదులే, దగ్గు. నడువ్ బేగా" అని నన్ను ముందుకు తోశాడు. ఢిల్లీ దాకా కళ్ళు మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుతూనే ఉన్నాడు.

ఇంటర్వ్యూకు ఆఖరివాడిగా అందుకున్నాను. ఉద్యోగం రాలేదు. నంద్యాలలోనే పంతులునై సుఖంగానే బతికాను గనక, లోకం మునిగిపోయినట్టు ఏడ్చిన ఆ పొగరుబోతు కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మామ ఆ తర్వాత కూడా పిల్లికీ తుమ్ముకీ ఆగుతూనే పోయాడు. కానీ ఆ ఉద్యోగం ఎందుకు రాలేదని ఎవరడిగినా, "వాళ్ళకు మావోడి విలువ తెలీలేదప్పా" అన్నాడే తప్ప, నా తుమ్ము మాట మాత్రం బతికున్నన్నాళ్ళూ ఎత్తలేదు.