మిరప తొడిమెల పెరుగు

వాన నీళ్ళు వాకిట్లోకి వచ్చిన మరునాడు మున్సిపాలిటీ వాళ్ళు మా వీధి మురికికాలువ పూడిక తీసి, సరిగ్గా మా గేటు పక్కనే కుప్ప పోశారు. వాళ్ళను నాలుగు తిడదామని బయటికి వెళ్ళాను. కుప్పలో ముందుగా కనిపించినవి పాల ప్యాకెట్లు. ప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్క ఊడిపోకుండా వేలాడేటట్లు వదిలేయడం నా అలవాటు. కుప్పలో చాలా ప్యాకెట్లకు ముక్కలు అలాగే వేలాడుతున్నాయి. తిట్టకుండానే వెనక్కి తిరిగాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు, ఆ రోజు మాత్రం దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

అప్పటినుంచి బజారుకు గుడ్డసంచులు, డబ్బాలు పట్టుకుపోవడం మొదలుపెట్టాను. "కిరాణానికి పోతానవా, పెండ్లి వంటకు పోతానవా?" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. పాలకు మాత్రం స్టీలు క్యాను పట్టుకుని, నాలుగు వీధుల అవతల బర్రెలున్న ఇంటికి వెళ్ళేదాన్ని. అందుకు అందరికంటే ఎక్కువ సంతోషపడింది మా అత్తమ్మ. ఆమె పరకాల దగ్గర పాడి ఉన్న ఇంట్లో పుట్టిన మనిషి. ప్యాకెట్ పాలను ఆమె ఏనాడూ పాలలో జమకట్టలేదు.

చిక్కటి పాలు రాగానే అత్తమ్మ అటక మీది మట్టి గురిగి దింపించింది. పాలు కాచడం, తోడు వేయడం అంతా ఆమె చేతి మీదే. ఆ పెరుగు తోడు కోసం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గ్లాసులు పట్టుకుని వచ్చేవాళ్ళు. అడిగిన వాళ్ళకు లేదనేది కాదు. పొద్దుగూకి దేవుడి దగ్గర దీపం పెట్టాక మాత్రం ఎవరొచ్చినా, "దీపం పెట్టినంక ఇయ్యరాదు బిడ్డా, పొద్దుగాల రా" అని పంపేసేది. దీపం ఒక్క నిమిషం ఆలస్యమైనా నా మీద కేకలేసేది.

తరువాత ఆమెకు కడుపు చెడింది. దవాఖానాలో పరీక్షలన్నీ చేసి, పాలు ఆమె ఒంటికి పడడం లేదని, పెరుగు, మజ్జిగ, నెయ్యి ఏదీ ముట్టవద్దని చెప్పారు. ఆమె తినలేనిది మేం ఎదురుగా కూర్చుని తినలేక ఇంట్లో పాలే మానేశాం. గురిగిని కడిగి బోర్లించాను. ఇక ప్యాకెట్టూ లేదు, క్యానూ లేదు అని ఒక పూట సంతోషపడ్డాను కూడా. నా సంతోషం తగలెయ్య!

ఎందుకంటే అత్తమ్మ తినడం తగ్గించేసింది. నేనేం తక్కువ చేయలేదు. పచ్చిపులుసు, పుంటికూర పప్పు, జొన్నరొట్టెలో పల్లికారం, వంకాయలో నువ్వుల ముద్ద. వండుతుంటే నాకే ఆశ్చర్యం వేసేది, మన వంటల్లో చాలావాటికి పాలచుక్క అవసరమే లేదు కదా అని. అత్తమ్మ "మంచిగున్నది" అనేది, రెండు ముద్దలు తినేది, కంచంలో చెయ్యి కడిగేసేది. చివర పెరుగన్నం లేకపోతే ఆమెకు అన్నం తిన్నట్టే కాదు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పాలు మానితే కడుపునొప్పి పోయింది కానీ, ఈమె ఇలాగే ఎండిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

పల్లీలతో పెరుగు చేయొచ్చని ఫోన్‌లో ఒక వీడియో చూశాను. పల్లీలు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, గుడ్డలో పిండి ఆ పాలు కాచాలి. గోరువెచ్చగా అయ్యాక తోడుకు బదులు పచ్చిమిరపకాయల తొడిమెలు వేయాలి. వరంగల్లులో మిరపకు కరువా? తొడిమెలు దోసెడు పోగుచేశాను. మొదటిసారి నీళ్ళకు నీళ్ళు, పిప్పికి పిప్పి విడిపోయింది. అత్తమ్మ వేలు ముంచి చూసి, "ఏందే ఇది? ఇడ్లీ చట్నీల నీళ్ళు వోసినవా?" అంది. నాకు ఒళ్ళు మండింది. గిన్నెడూ నేనే తాగేసి, సాయంత్రానికల్లా మళ్ళీ పల్లీలు నానబోశాను.

రెండోసారి పొద్దున్నే మూత తీస్తే గిన్నెలో పెరుగు గట్టిగా, తెల్లగా కనిపించింది. నా అంత గొప్పది లేదనుకున్నాను. అత్తమ్మ ఏ వంకా పెట్టకుండా అన్నంలో కలుపుకుని తింది. మధ్యాహ్నానికల్లా కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. మా ఆయన నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. పల్లీలు కూడా పడవేమోనని నేను అనుకుంటుంటే, మంచం మీంచి ఆమే చెప్పింది. "నీ పల్లీలది తప్పులేదే. ఒట్టి తొడిమెలతోని ఏం తోడుకుంటదని, నువ్వు పక్కకు పోయినప్పుడు నేనే పక్కింట్ల పెరుగు తెచ్చి గంటెడు ఏసిన."

నా కోపం కట్టలు తెంచుకుంది. "డాక్టర్ అద్దన్నడు గద అత్తమ్మా! ఎందుకేసిన్రు?" అని అరిచాను. ఆమె గోడ వైపు తిరిగి ఏడ్చింది. నొప్పికి ఏడ్చే మనిషి కాదు.

"ఇన్నేండ్లు నేను ఇచ్చుడే గని, ఎన్నడన్న ఒకరింటికి పోయి తోడు అడిగిన్నా? గ్లాసు పట్టుకొని వాళ్ళ వాకిట్ల నిలవడితే పానం సచ్చిపోయింది."

ఇంట్లో పాలు మానేసినప్పటినుంచి ఆమె తోడుకు వచ్చిన వాళ్ళతో "లేదు బిడ్డా" అని, వెంటనే లోపలికి వెళ్ళి పడుకునేది. నేను అదంతా నీరసం అనుకున్నాను. ఆకలి చచ్చింది పెరుగన్నం లేకనే కాదు, అడిగిన వాళ్ళకు ఇవ్వడానికి తోడు లేక కూడా. నాకూ ఏడుపొచ్చింది.

ఆమె కోలుకున్నాక నేను పల్లీ పాలు మాత్రం పిండి, బోర్లించిన గురిగి తీసి ఆమె ముందు పెట్టాను. "తోడేసుడు మీ పనే, నాకు చాతకాదు" అన్నాను. పాలు ఎంత వేడిగా ఉన్నాయో ఆమె చిటికెన వేలు ముంచి చూసింది. నేను ఏరిన తొడిమెల్లో సగం వాడిపోయాయని అవతల పారేసింది. గురిగికి పాత తువ్వాల చుట్టి, బియ్యం డబ్బా పక్కన వెచ్చగా పెట్టింది. పొద్దున గురిగి ఓరగా వంచితే పెరుగు కదలలేదు. మధ్యాహ్నం ఆవకాయ ముక్క నంజుకుని తిన్నది, మారు అన్నం పెట్టించుకున్నది.

"జర పల్లి వాసనొస్తాంది," అంది చెయ్యి కడుక్కుంటూ. "అయినా పెరుగే."

ఇప్పుడు గురిగి ఖాళీగా ఉండడం లేదు. మొన్న పొద్దుగూకే వేళ నేను వత్తి నూనెలో తడిపి అగ్గిపెట్టె తీశాను. అప్పుడే పక్కింటి కోడలు గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది. "పెద్దమ్మా, పిల్లలు మా పెరుగు ఒలకవోసిన్రు. జర తోడున్నదా?"

"ఉన్నది బిడ్డా. పల్లి పెరుగు గని, మీ బర్రెపాలల్ల మంచిగనే తోడుకుంటది."

గోడ పట్టుకుని లేస్తూ అత్తమ్మ నా వైపు తిరిగింది. "దీపం జర ఆగి పెట్టవే," అంది.

ఆమె గ్లాసు అందుకుని వంటింట్లోకి నడిచింది. తిరిగి వచ్చేదాకా నేను అగ్గిపుల్ల గీయలేదు.