ఫ్రిజ్ వైపు తిరిగిన మైకు

వెర్నా హుడాక్‌కు యాభై ఎనిమిదేళ్ళు. అమెరికాలోని యంగ్స్‌టౌన్‌లో కాలేజీ క్యాంటీన్ గల్లా దగ్గర కూర్చుంటుంది. పిల్లలు కాఫీ కప్పుతో వచ్చి నిలబడితే చాలు, ఎవరికి పరీక్ష పోయిందో, ఎవరికి ప్రేమ పోయిందో ముఖం చూసి చెప్పేయగలదు. నెమ్మదస్తురాలని పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరూ ఆమె ముందు ఆడపడుచు టిల్లీ ఊసు ఎత్తి చూడలేదు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. వెర్నా మొగుడు ఆండీ పోయి ఆరేళ్ళయింది, ఆ సగం మాత్రం మిగిలే ఉంది.

గొడవంతా కొలాచ్కీలనే కుకీలతో వచ్చింది. ఈ ఊళ్ళో పెళ్ళికి కేకు పేరుకే, అసలు పరువు కుకీల బల్లది. పెళ్ళికూతురి తల్లి, అత్తలు, పిన్నులు, చర్చి ఆడవాళ్ళు తలా ఇన్ని డజన్లు చేసి తెస్తారు. ఖాళీ ట్రే మళ్ళీ ఇంటికి చేరాలి కాబట్టి అడుగున తెల్ల టేపు అంటించి పేరు రాస్తారు. పేరు అడుగున ఉంటుందన్న మాటే గానీ, ట్రే ఎత్తి చూడకుండా నోట్లో వేసుకునే ఆడమనిషి ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. కొలాచ్కీ అంటే పలకగా కోసిన పిండి మధ్యలో అక్రోటు ముద్ద పెట్టి, ఎదురెదురు మూలలు మడిచి అతికించాలి. అతుకు సరిగ్గా పడకపోతే పొయ్యిలో నోరు తెరుస్తాయి. నోరు తెరిచినవాటిని బల్ల మీద పెట్టడం కన్నా పెళ్ళికి రాకపోవడం మేలు.

పంతొమ్మిదేళ్ళ కిందట టిల్లీ కూతురి పెళ్ళి. పెళ్ళికూతురి తల్లి ట్రే బల్ల నడిమధ్య ఉండాలి. పెళ్ళి ముందురోజు పొద్దున టిల్లీ చేసిన ముప్పై డజన్లూ పొయ్యిలో నోళ్ళు తెరిచాయి. ఆండీ వంటింట్లోకి వచ్చి టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"మా అక్క ఏడుస్తోందే."

"ఏడిస్తే అతుక్కుంటాయా?" అంది వెర్నా. అంటూనే వెన్న బయటికి తీసింది.

సాయంత్రానికి ముప్పై డజన్లు తయారయ్యాయి. ఒక్కటంటే ఒక్కటి నోరు తెరవలేదు. ట్రే అడుగున తన చేత్తోనే టేపు అంటించి 'టిల్లీ' అని రాసింది. ఎవరికీ చెప్పకు అన్నాడు ఆండీ. ఆమె చెప్పలేదు.

అదే తప్పయింది. జనం తిన్నారు, ట్రే ఎత్తి పేరు చదివారు, మళ్ళీ తిన్నారు. టిల్లీ ఆ పొగడ్తలన్నీ "మా అమ్మ చేతి చలవ" అంటూ అందుకుంది. ఆ తరవాత మణికట్టు నొప్పి అని చెప్పి కొలాచ్కీ జోలికి పోలేదు. మళ్ళీ ఎవరూ తినలేదు కాబట్టి ఆ ముప్పై డజన్ల రుచి ఏడాదికేడాది పెరిగింది. వెర్నా ఏ పెళ్ళికి ఎన్ని చేసినా తిని, వేళ్ళు నాకి, "బాగున్నాయమ్మా. టిల్లీ వాటికి మాత్రం ఒక మెట్టు తక్కువే" అనేవారు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరుకోవచ్చు. కానీ తన చేతివంటకి తనే సవతి కావడం ఎక్కడైనా ఉందా? ఆ మాట విన్నప్పుడల్లా వెర్నా నవ్వేది. ఇంటికొచ్చి తోముతుంటే గిన్నెలకు సొట్టలు పడేవి.

కాలేజీలో పనిచేసేవాళ్ళు టర్ముకొక క్లాసు ఉచితంగా చదువుకోవచ్చు. ఆ వసంతంలో వెర్నా డాక్యుమెంటరీ క్లాసులో చేరింది. ప్రొఫెసర్ ఎబర్ట్ ఆగస్టు నుంచి కొత్త కోర్సు పెట్టబోతోంది, పేరు 'అమెరికన్ అంటే ఎవరు'. మొదటిరోజు పాఠానికి ముందు చూపించడానికి పన్నెండు నిమిషాల సినిమా కావాలి, అది మీరే తీయాలి అంది.

"జెండాలు వద్దు, బాణసంచా వద్దు. ఒక మనిషి చేతులతో ఏదైనా చేస్తూ కనబడాలి. టర్ముకొకసారి, ఈ కోర్సు ఉన్నన్నాళ్ళూ చూపిస్తాను."

వెర్నా చెయ్యెత్తి కుకీల బల్ల గురించి చెప్పింది. క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన టాలియా అనే పిల్ల, ఇరవయ్యేళ్ళది, అందరికన్నా చురుకైనది, బల్ల మీద చరిచి "వెర్నా గారూ, మనం ఇదే తీస్తున్నాం" అంది. తను డైరెక్టరు, కెమెరా కూడా తనే. ఆ సాయంత్రం వెర్నా ఇంటికి వెళ్తూ నీలం రంగు బ్లౌజు కొనుక్కుంది. నీలం కెమెరాలో బాగుంటుందని ఎక్కడో విన్నది. ఇక టర్ముకొకసారి, ఏళ్ళ తరబడి, తన చేతులూ తన కొలాచ్కీలూ తెర మీద కనబడతాయి. టేపు మీద రాయలేని పేరు తెర మీద పడుతుంది.

టాలియా ఆదివారం వెర్నా వాళ్ళ చర్చికి వెళ్ళి, సోమవారం క్యాంటీన్‌లో గల్లా ముందు నిలబడింది.

"కొలాచ్కీ ఎవరు బాగా చేస్తారని ఆరుగురిని అడిగా. ఆరుగురూ టిల్లీ అన్నారు. మీ ఆడపడుచేనట కదా, నాకు చెప్పలేదేంటి?"

"ఆవిడ ఇప్పుడు చేయదు."

"చేయకపోయినా మాట్లాడుతుంది. ఎంత బాగా నవ్వుతుందో. కెమెరా కోసమే పుట్టింది."

"మరి నేను?" అంది వెర్నా. అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"పిండి మడిచే చేతులు మీవే తీస్తా. ముఖం ఆవిడది. మైకు మీరు పట్టాలి వెర్నా గారూ, మీ చెయ్యి వణకదు."

అంటే చేతులు వెర్నావి, పేరు టిల్లీది. పంతొమ్మిదేళ్ళ కిందటి పెళ్ళి మళ్ళీ జరుగుతోంది, ఈసారి కెమెరా ముందు. నీలం బ్లౌజు ధర చీటీతో సహా బీరువాలోకి వెళ్ళింది.

షూటింగు చర్చి కింది అంతస్తు వంటగదిలో. అక్కడ ఓ ముసలి ఫ్రిజ్ ఉంది, దాని రొద ఇంతా అంతా కాదు. మామూలుగా అయితే ఆపేయాలి. కానీ శనివారం ఎవరిదో కర్మ భోజనం ఉంది, దానికి తెచ్చిన హామ్ మాంసమంతా దాన్లోనే ఉంది. పొడుగు కర్ర చివర బిగించిన మైకు టిల్లీ నోటికి దగ్గరగా పట్టుకుంటే రొద వినబడదు, అదే వెర్నా పని.

టిల్లీ పెదాలకు రంగేసుకుని, కోటుకు పిన్ను పెట్టుకుని వచ్చింది.

"మైకు నా జుట్టుకి తగలనివ్వకే వెర్నా. పొద్దున్నే సెట్ చేయించుకున్నా."

"తగలదులే వదినా. ఒక మెట్టు పైనే పట్టుకుంటా."

చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మైకు విన్నదే వినబడుతుంది, ఇంకేదీ వినబడదు. పంతొమ్మిదేళ్ళుగా వీలైనంత తప్పించుకు తిరిగిన గొంతు ఇప్పుడు నేరుగా చెవిలోకి వచ్చి కూర్చుంది. టిల్లీ గుటక వేసినా వినబడుతోంది.

మీ దృష్టిలో అమెరికన్ అంటే ఎవరు అని అడిగింది టాలియా. టిల్లీ నవ్వింది. "వేరే దేశం నుంచి వచ్చిన మా తాత పేరు పలకలేక స్టీల్ మిల్లులో ఇంకో పేరు పెట్టారమ్మా. కొలాచ్కీకి మాత్రం పేరు మార్చడానికి ఎవరికీ గుండెల్లేవు."

టాలియా ముఖం వెలిగిపోయింది. వెర్నా ఒళ్ళు మండిపోయింది. ఆ మాట తనది. ఎన్ని థాంక్స్‌గివింగ్ పండగ భోజనాల్లో టిల్లీ ఎదుటే అన్నది. వంట పోయింది, ఇప్పుడు మాట కూడా పోయింది.

"మీ అమ్మాయి పెళ్ళి గురించి చెప్పండి. ఊరంతా ఇంకా తలుచుకుంటున్నారు," అంది టాలియా.

"ముప్పై డజన్లు..." అని మొదలుపెట్టింది టిల్లీ.

వెర్నా చెయ్యి వణకలేదు. మెల్లగా, ఎవరో పక్కకు జరగమన్నట్టు, మైకు కర్ర తిప్పి ఫ్రిజ్ వైపు పెట్టింది. హెడ్‌ఫోన్లలో రొద నిండిపోయింది. కళ్ళు దించుకుని నేల మీది గళ్ళు లెక్కపెట్టింది. ఆ అబద్ధాన్ని ఇంకొకసారి వినడం తన వల్ల కాదు, ఏ క్లాసు పిల్లల్నీ విననివ్వదు. ఆ రొద ఆమెకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

తలెత్తి హెడ్‌ఫోన్లు తీసేసరికి టిల్లీ మాటలు అయిపోయాయి. టాలియా కళ్ళు తుడుచుకుంటోంది.

"విన్నారుగా?" అంది టాలియా, వెర్నా చెయ్యి పట్టుకుని.

"విన్నా," అంది వెర్నా. ఇంత చిన్న పిల్లని కూడా ఏడిపించింది, నటన అంటే అదీ అనుకుంది.

రెండు వారాల తరవాత ఎడిటింగ్ గదిలో టాలియా ఆ ముక్క పెట్టింది. టిల్లీ పెదాలు కదులుతున్నాయి. వినబడుతున్నది ఫ్రిజ్.

"ఇక్కడేమైంది?"

"కర్ర జారినట్టుంది," అంది వెర్నా.

టాలియా ఆమె చేతి వంక ఒకసారి చూసి, తల తిప్పుకుంది. "ఫర్లేదు. కెమెరాకి చిన్న మైకు ఒకటుంటుంది. సినిమాలో పెట్టడానికి పనికిరాదు గానీ, మాట తెలుస్తుంది."

బావి అడుగునుంచి వచ్చినట్టు వచ్చింది టిల్లీ గొంతు.

"ముప్పై డజన్లు. అవి నేను చేయలేదమ్మా. నావన్నీ నోరు తెరిచాయి. చేసింది మా తమ్ముడి పెళ్ళాం, ట్రే మీద నా పేరు రాసింది కూడా తనే. మర్నాడే చెబుదామనుకున్నా. ఒక్క రోజు పొగిడించుకుని చెబుదాంలే అనుకున్నా. ఆ రోజు ఇప్పటిదాకా అవలేదు."

వెర్నా కుర్చీ చెయ్యి పట్టుకుంది. పంతొమ్మిదేళ్ళు ఏ మాట కోసం పళ్ళు కొరుక్కుందో ఆ మాట వచ్చింది. వచ్చిన రోజున తనే దాని నోరు నొక్కేసింది.

"మీరు విన్నారనే అనుకున్నా. తల దించుకుంటే ఏడుస్తున్నారనుకున్నా," అంది టాలియా. "తెర మీద అక్షరాలు వేసి చూపిద్దాం. సినిమాలో ఇదే గొప్ప ముక్క. మీ ఇష్టం మీద వదిలేస్తున్నా."

వెర్నా తిన్నగా టిల్లీ ఇంటికి వెళ్ళింది. టిల్లీ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది, వాచిన మణికట్టు మీద తడి గుడ్డ వేసుకుని.

"వదినా, అది నా ముందెందుకు చెప్పావు?"

"నీ ముందెక్కడ చెప్పానే? కర్ర పక్కకి తిప్పావు. నేను చూడలేదనుకున్నావా?"

వెర్నా వాకిటి మెట్టు మీద కూర్చుంది.

"నువ్వు వినడం లేదని తెలిసింది కాబట్టే చెప్పగలిగా," అంది టిల్లీ. "ఎవరికైనా చెప్పొచ్చు. నీకు చెప్పడమే నా వల్ల కాలేదు. నా కూతురి పెళ్ళిలో అందరూ నీ చేతివంట తింటూ నా పేరు అంటుంటే ఎలా ఉంటుందో నీకేం తెలుసు? కడుపు మండిపోయిందే. పెట్టుకో ఆ ముక్క. నీదే కదా."

ఇంటికి కారు నడుపుకుంటూ వెర్నా ఆ సినిమాను మనసులో వేసుకుని చూసింది. తెర మీద అక్షరాలు, వెనక ఫ్రిజ్ రొద. క్లాసంతా ముక్కులు చీదుతుంది. ఎవరి కోసం? నిజం ఒప్పుకున్న ఆ మహాతల్లి కోసం. ఊళ్ళో వాళ్ళు ఏమంటారు? ఎంత గొప్ప మనసమ్మా టిల్లీది అంటారు. ఇక వెర్నా ఎవరు? మైకు జార్చిన మనిషి. కొలాచ్కీలతో గెలిచిన ఆడపడుచు ఈసారి తప్పు ఒప్పుకుని గెలుస్తుంది. అదీ ఇదీ రెండూ టిల్లీకే ఇవ్వడానికి ఆమె దేవత కాదు.

మర్నాడు టాలియాతో చెప్పింది. "తీసేయ్."

"మీ మంచితనం..."

"మంచితనం కాదు," అంది వెర్నా, అక్కడినుంచి లేచి గల్లా దగ్గరికి పోయింది.

ఆగస్టు చివర కోర్సు మొదలైంది. మొదటిరోజు సినిమా వేశారు, టిల్లీని కూడా పిలిచారు. పిండి మడిచే చేతులు వచ్చాయి, ముఖం లేని చేతులు. తెర మీద టిల్లీ నవ్వింది, మిల్లు మాట అంది, పిల్లలు చప్పట్లు కొట్టారు. చివరి వరసలో కూర్చున్న వెర్నాకు ఎప్పటిలాగే లోపల భగ్గుమంది. టిల్లీ నిజం చెప్పినా, తను విన్నా, అసూయ ఎక్కడికీ పోలేదు.

సినిమా అయ్యాక గది వెనక బల్ల మీద ఓ ట్రే పెట్టింది టిల్లీ. పైన కప్పిన గుడ్డ తీసింది. కొలాచ్కీలు. పంతొమ్మిదేళ్ళ తరవాత, ఆ మణికట్టుతో చేసినవి. ఒక్కటి కాదు రెండు కాదు, అన్నీ నోళ్ళు తెరుచుకుని, అక్రోటు ముద్ద బయటికి కారి అంచులు మాడి ఉన్నాయి.

వెర్నా అలవాటు కొద్దీ ట్రే ఎత్తి అడుగు చూసింది. తెల్ల టేపు మీద, వంకరటింకర అక్షరాల్లో, 'వెర్నా' అని ఉంది.

ఇన్నేళ్ళకు తన పేరు రాసింది. రాసి రాసి వీటి కింద రాసింది. అది పాత బాకీ చెల్లు పెట్టడమో, ఎగతాళి చేయడమో వెర్నాకు తెలియలేదు. టిల్లీ వంక చూస్తే ఆమె గుడ్డను నాలుగు మడతలు వేస్తోంది, మళ్ళీ విప్పుతోంది. వేళ్ళు సరిగ్గా వంగడం లేదు. వెర్నా బొటనవేలు టేపు అంచు మీదికి వెళ్ళింది. కాస్త గీకితే ఊడిపోతుంది.

ముందు వరస కుర్రాడొకడు ఒకటి కొరికి, పొడి రాల్చుకుంటూ అడిగాడు. "ఇవి సినిమాలో ఆవిడ చేసినవేనా? అందులో అన్నీ మూసుకుని ఉన్నాయి కదా, ఇవేంటి ఇలా విచ్చుకున్నాయి? ఎవరు చేశారు?"

టిల్లీ గుడ్డ మడవడం ఆపింది.

వెర్నా ట్రేను బల్ల మీద పెట్టింది.

"నేనే," అంది. "టిల్లీ వాటికి ఒక మెట్టు తక్కువ."