గోనెపట్ట మీదికి నెట్టిన తప్పు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది వానాకాలంలో నేను నంద్యాలలో ఒక ట్రాక్టర్ల డీలరు దగ్గర సర్వీసు సూపర్‌వైజరుగా ఉన్నాను. నా పైన మేనేజరు, నా కింద నలుగురు మెకానిక్కులు, బండ్లు కడగడానికి ఒకతను. షెడ్డులోకి వచ్చిన ప్రతి బండికీ జాబ్ కార్డు రాయాలి. బండికి ఏం జబ్బు, మేం చేసిన పనేమిటి అన్నది అందులో ఉంటుంది. కింద సంతకం నాది. అది లేనిదే బండి గేటు దాటదు. ఆ అధికారం నాకు బాగానే తలకెక్కింది.

ఒక పొద్దున మేనేజరు పిలిచి, ఆళ్లగడ్డ దగ్గర మామిడి తోటలో మనం అమ్మిన చిన్న ట్రాక్టరు ఇంజను వేడెక్కి పట్టేసిందట, ఇంకా వారంటీలోనే ఉంది, పోయి చూసి రిపోర్టు రాయమన్నాడు. ఇంజను పాడైతే వారంటీ ఉన్నంతకాలం కంపెనీయే బాగు చేసివ్వాలి. నడిపినవాడి తప్పని తేలితే మాత్రం ఇవ్వదు. ఎవరి తప్పో తేల్చవలసింది నేను.

ఈ పని తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పెద్ద ట్రాక్టరు మామిడి కొమ్మల కింద దూరదు గనుక తోటల్లో గడ్డి కోయడానికి చిన్నది వాడతారు, వెనక మోవరు తగిలిస్తారు. మోవరు తిరిగేకొద్దీ గడ్డి పొట్టూ విత్తనాల నూగూ గాల్లోకి లేస్తాయి. ఇంజనును చల్లబరిచేది ముందున్న రేడియేటరు. వెనక ఫ్యాను గాలిని ముందు నుంచి లోపలికి లాగుతుంది, ఆ గాలితో పాటే పొట్టు కూడా వచ్చి అతుక్కుంటుంది. అందుకే రేడియేటరు ముందు ఒక జాలీ ఉంటుంది. గంటకొకసారి బండి ఆపి జాలీ దులపాలి. దాని వెనకున్న రేడియేటరు రేకులు మాత్రం కాగితమంత పలచన. వాటిని ఫ్యాను వైపు నుంచి బయటికి, మెల్లగా గాలి కొట్టి శుభ్రం చేయాలి. నీళ్లు పోస్తే కుళాయి ధారకు మించకూడదు. గట్టిగా కొడితే రేకులు మడతపడి సందులు మూసుకుపోతాయి, గాలి ఆడదు. కొత్తగా చేరిన ప్రతి మెకానిక్కుకూ ఈ పాఠం చెప్పింది నేనే.

శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరేసరికి పది దాటింది. తోట యజమాని వెంకటసుబ్బయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. డ్రైవరు దేవదానం ట్రాక్టరు పక్కనే నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ల మనిషి, ఆ ఊరి చర్చి వీధివాడు. అంతకు ముందు పదేళ్లు కూలికి పోయి, డ్రైవింగు నేర్చుకుని, ఆ సీటెక్కి రెండేళ్లయింది. చుట్టుపక్కల తోటలవాళ్లు కూడా గడ్డి కోయడానికి అతన్నే పిలిపించుకునేవాళ్లు.

బండి ముందు భాగం చూసి నాకు నవ్వొచ్చింది. జాలీ మీద గోనెపట్ట ఒకటి పురికొసతో కట్టి ఉంది, ఎండి అట్ట కట్టింది, దాని నిండా గడ్డి నూగు.

"ఏందప్పా, బండికి చలి పెడతాందని దుప్పటి కప్పినావా?" అన్నాను.

అతను నవ్వలేదు. "ఏడి ముల్లు ఎర్రగీత కాడికి పోతాంటే తడిపి కట్టినా సార్. నీళ్లకడవకు కడతామే, అట్ల సల్లబడ్తాదనుకున్యా," అన్నాడు.

మా వైపు ఎండాకాలం కడవకు తడి గోనెపట్ట చుట్టని ఇల్లుండదు. కడవ చల్లబడుతుంది, నిజమే. రేడియేటరుకు కడితే మాత్రం గాలి ఆగిపోతుంది. అతనికి ఆ తేడా ఎవరూ చెప్పలేదు. బండి అమ్మిన రోజు చెప్పవలసిన మనిషి మా షెడ్డులోనే ఉన్నాడు, ఆ మనిషి నేనే.

ఇంజను నూనె చూశాను. నీళ్లు కలిసి పాలు పోసిన టీ రంగుకు తిరిగింది. అంటే హెడ్డు, ఇంజను పైమూత, వేడికి వంగిపోయింది. తర్వాత పట్ట విప్పి, జాలీ బయటికి లాగి, వెనక రేకుల మీద టార్చి వేశాను. నడి భాగంలో రెండు అరచేతులంత మేర రేకులు పడుకుని ఉన్నాయి. వాటి సందుల్లో తడిసి గట్టిపడిన పొట్టు లోతుగా దిగి ఉంది. గోనెపట్ట వల్ల రేకులు వంగవు. ముందు నుంచి బండ్లు కడిగే నీళ్ల గన్నుతో కొడితేనే అట్లా వంగుతాయి.

ఆ బండి ఐదు రోజుల కిందటే మా షెడ్డులో సర్వీసుకు వచ్చింది. ఆ రోజు బండ్లు గేటు బయటి దాకా నిలబడ్డాయి. రేడియేటరు విప్పి వెనక నుంచి గాలి కొట్టాలంటే గంట పడుతుందని కడిగే అతను అడిగితే, "ముందర నుంచే గన్ను పెట్టి కొట్టేయ్, పోనీ," అన్నది నేను. జాబ్ కార్డులో 'రేడియేటరు శుభ్రపరచబడింది' అని రాసి సంతకం పెట్టిందీ నేనే.

దేవదానం అప్పుడు యజమాని వైపు తిరిగి, "సర్వీసు అయినప్పట్నుంచే ఏడెక్కుతాండాది అని నేను సార్‌కు ఫోన్ చేసినా. జాలీ దులుపుకోపో అన్యాడు. గంటకొకసారి దులుపుతానే ఉంటి. అడుగన్నా కావాలంటే," అన్నాడు.

వెంకటసుబ్బయ్య నా ముఖంలోకి చూశాడు. ఫోను వచ్చిన మాట నిజం. బాగా గుర్తుంది నాకు. "రోజూ ఎన్నో ఫోన్లొస్తాయప్పా, అన్నీ యాడ గుర్తుంటాయి," అన్నాను. ఛీ, ఆ మాట నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో!

నంద్యాలకు తిరిగొచ్చి మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అరవలేదు. గోనెపట్ట ఫోటో తీశావా అని అడిగాడు. తీశానన్నాను. ఇంకేం, అదే రాయమన్నాడు. రేకుల సంగతి రాస్తే బిల్లు మన మీద పడుతుంది, నీ ఉద్యోగం కూడా చూసుకోవాలి కదా అన్నాడు. నాకు రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. రాశాను. "డ్రైవరు రేడియేటరు ముందు గోనెపట్ట కట్టినందున గాలి ప్రసరణ ఆగి ఇంజను అధికంగా వేడెక్కినది." అందులో ఒక్క అబద్ధం లేదు, గాలి నిజంగానే ఆగింది. రేకుల ఊసెత్తలేదు, అంతే. వక్రంగా రాయడానికి అబద్ధాలు అక్కర్లేదని అప్పటికే నాకు బాగా తెలుసు.

వారంటీ పోయింది. వెంకటసుబ్బయ్య సొంత ఖర్చుతో బాగు చేయించుకుని, ఆ వారంలోనే దేవదానాన్ని పనిలో నుంచి తీసేశాడు. నా రిపోర్టు నకలు తోటలవాళ్లందరికీ చూపించాడట. ఆ తర్వాత అతన్ని ట్రాక్టరు సీటు మీద కూర్చోబెట్టిన రైతు లేడు. ఇంజను కాల్చినోడు అన్న పేరు పడిపోయింది.

రిటైరయిన మూడో నెలలో నేను ఆళ్లగడ్డ పోయాను. దేవదానం ఇంకెవరిదో తోటలో కొడవలితో గడ్డి కోస్తున్నాడు. ఆ గడ్డిలోనే నిలబడి రేకుల సంగతీ, నేను చెప్పిన గన్ను సంగతీ, ఫోను సంగతీ అన్నీ చెప్పాను. అతను కొడవలి ఆపకుండానే విన్నాడు.

"నాకెందుకు చెప్తాండావ్ సార్ ఇది? నా తప్పు కాదని నాకు ఎరికే," అన్నాడు చివరికి. "ఆ పొద్దు మా రైతు నీ మొగం సూసినాడు. ఆ పొద్దే అవునని అనింటే సాలు. పో, ఇప్పుడన్నా ఆయప్పకు చెప్పు."

పోయాను. వెంకటసుబ్బయ్య అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. మొత్తం విన్నాక, ఖర్చు పెట్టించింది మీరేనన్నమాట అని నన్ను నాలుగు మాటలన్నాడు. పడ్డాను. దేవదానాన్ని మళ్లీ పిలవమని అడిగాను.

"ఇప్పుడెందుకులేప్పా. కొత్త డ్రైవరు బాగానే ఉండాడు. వాన్ని యాడికి పొమ్మందాం?" అన్నాడు.

నాకు తెలిసొచ్చింది ఇంతే: రిపోర్టులో వదిలేసిన వాక్యాన్ని రాసినవాడు ఎప్పుడైనా వచ్చి చెప్పుకోవచ్చు, వినేవాడు మజ్జిగ కూడా ఇస్తాడు. దాని వల్ల పని పోయినవాడికి మాత్రం పని తిరిగి రాదు. దేవదానం ఇప్పటికీ కొడవలితోనే గడ్డి కోస్తున్నాడు.