పొయ్యిలో పగిలిన రాళ్లు

కోరుట్ల చౌరస్తాలో రోడ్డుమీదే వండి నిరసన తెలిపే వంటావార్పు ముగిసేసరికి, ఒక భూగర్భశాస్త్ర పరిశోధక విద్యార్థిని తెచ్చిన మూడు రాళ్లూ పొయ్యిలో పగిలి ఉన్నాయి. తెలంగాణ బంద్‌కు బస్సులు ఆగితే, ఆమె ఆ రాళ్లున్న సంచిని ఉద్యమ శిబిరంలో పెట్టి బయటికి వెళ్లింది. నేను వార్త కోసం అక్కడున్నాను.

కథలాపూర్ దగ్గర బావి తవ్వకంలో దొరికిన నల్లరాళ్లవి. భూమి పైపొర కిందనున్న మాంటిల్ నుంచి వచ్చాయని, అక్కడి వేడి ఎంతో చెబుతాయని ఆమె నమ్మకం. ఆ బావిని అప్పటికే పూడ్చేశారు.

"రాళ్లే గదా బిడ్డా, ఇంకో మూడు తెచ్చిస్త," అన్నది వంట చేసిన బీడీ కార్మికురాలు, తిరిగొచ్చిన విద్యార్థినితో.

"గసొంటియి దొరకయి అవ్వా. మంట తగిలినంక గవి ఏం చెప్పయి."

"అయ్యో, గట్టిగున్నయని గవే ఏరి పెట్టిన."

విద్యార్థిని మసి తుడిచి ముక్కలను సంచిలో వేసుకుంది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ బావిని మళ్లీ ఎవరూ తవ్వలేదు. ఆ రాళ్లు ఎంత లోతు నుంచి వచ్చాయో నేటికీ తెలియదు.